పైక్ నోట్లోంచి గాలం తీసి క్షేమంగా వదలడం: పనిముట్లు, పట్టు, లోతుగా మింగినప్పుడు ఏం చేయాలి

#1 కొత్త_గాలం

నమస్తే అండీ. ఇంగ్లండ్‌లో రెడింగ్ వైపు ఉంటాను. రోచ్, బ్రీమ్, కార్ప్ చేపల వరకు చేయి తిరిగింది. అక్టోబరు నుంచి థేమ్స్ నదిలో డెడ్‌బెయిట్‌తో (చచ్చిన చేప ఎరగా) పైక్‌కి, అంటే ఇక్కడి మంచినీళ్ళ పెద్ద వేట చేపకి, వెళ్దామని ఉంది. రాడ్, రీలు సంగతి కాదు, చేప గట్టెక్కాక ఏం చేయాలన్నదే నా భయం. నోటినిండా పళ్ళు, లోపల రెండు ట్రెబుల్ హుక్‌లు (మూడు కొసల గాలాలు). చేతికీ చేపకీ దెబ్బ తగలకుండా తీసే వరస చెప్పండి. ఏమేం కొనాలో కూడా.

#2 నార్ఫోక్_నీళ్ళు

ముందు సంచీ సర్దుకోండి, రాడ్ తర్వాత. పైక్ మన చేతిలో చచ్చిపోయేది ఎక్కువగా రెండు రకాలుగా. గాలం గొంతు దాటిపోవడం ఒకటి. పనిముట్టు కోసం మనం వెతుక్కుంటుంటే చేప గట్టు మీద ఎండిపోవడం రెండోది.

ఫోర్సెప్స్ (గాలం పట్టి తీసే పొడవాటి పటకారు) రెండు కావాలి, 12 అంగుళాలవి. ఒకటి నిటారుగా ఉండేది, ఒకటి ముక్కు వంగింది. కార్ప్‌కి వాడే 6 అంగుళాలవి ఇక్కడ పనికిరావు, వాటితో పని చేయాలంటే మీ చెయ్యి పళ్ళ మధ్యకి పోవాల్సిందే. తర్వాత గట్టి కట్టర్. ఇంట్లోనే పరీక్షించుకోండి: మీరు వాడబోయే ట్రెబుల్ కాడని ఒక్క నొక్కుడులో కోయాలి. చిన్న బోల్ట్ కట్టర్లు, క్నిపెక్స్ కోబోల్ట్ లాంటివి, ఈ పనికి భేషుగ్గా ఉంటాయి. సన్న తీగలు కోసే ఎలక్ట్రీషియన్ కట్టర్ గట్టి గాలం మీద పళ్ళు ఊడగొట్టుకుంటుంది.

మ్యాట్ (చేపని పడుకోబెట్టే పరుపు) కనీసం మీటరు పొడవు, లోపల మందంగా మెత్త ఉన్నది. మీ దగ్గర కార్ప్ క్రేడిల్ (అంచులు లేచిన తొట్టి లాంటి మ్యాట్) ఉంటే అదే చాలు. వల నోరు 42 అంగుళాలకి తగ్గొద్దు. ముడులు లేని, రబ్బరు పూత ఉన్న జాలీ తీసుకోండి. మామూలు నైలాన్ జాలీలో ట్రెబుల్ చిక్కుకుందంటే చేప ఒక్క పొర్లు పొర్లేసరికి గాలం, వల, పళ్ళు అన్నీ ఒక ఉండ అవుతాయి.

మెయిన్ లైను మోనో (ఒంటి నైలాన్ దారం) అయితే 15 పౌండ్ల బలం కనీసం, బ్రెయిడ్ (అల్లిన దారం) అయితే 50 పౌండ్లు వాడండి. వైర్ ట్రేస్ (గాలాలకి ముందుండే, పళ్ళకి తెగని తీగ) 28 పౌండ్లకి తగ్గకుండా, 18 నుంచి 20 అంగుళాల పొడవు. పొట్టి ట్రేస్ వేస్తే చేప మెలి తిరిగినప్పుడు పళ్ళు మెయిన్ లైనుకి తగిలి తెగుతుంది. తెగిందంటే రెండు ట్రెబుల్స్‌తో ఆ చేప వెళ్ళిపోయినట్టే, ఇక మీరు చేయగలిగిందేమీ లేదు.

#3 షానన్_గట్టు

పైవాటికి ఒకటి కలుపుతా. సగం గొడవ గట్టు మీద కాదు, కొట్టే క్షణంలోనే, అంటే గాలం గుచ్చుకునేలా రాడ్ గుంజేటప్పుడే తేలిపోతుంది.

పైక్ ఎరని అడ్డంగా పట్టుకుని, తర్వాత తిప్పుకుని తలవైపు నుంచి మింగుతుంది. అందుకే చచ్చిన ఎరకి పై ట్రెబుల్‌ని తోక మొదట్లో, రెండోదాన్ని 7-8 సెంటీమీటర్లు కిందికి పక్కటెముకల మీద గుచ్చుతాం. అలా గుచ్చితే చేప నోట్లోకి తీసుకున్న వెంటనే గాలాలు పెదవి పక్కనే ఉంటాయి. పాతకాలం లెక్క ఒకటి ఇంకా తిరుగుతోంది: మొదటిసారి పరిగెత్తి ఆగనివ్వు, రెండోసారి కదిలినప్పుడు కొట్టు అని. అది చేపని చంపే సలహా. డ్రాప్-ఆఫ్ ఇండికేటర్ (చేప లైను లాగగానే కింద పడే గుర్తు) పడిందా, అలారం మోగిందా, వదులు చుట్టుకుని లైను బిగియగానే కొట్టాలి. పది కొట్లలో రెండు తప్పితే తప్పనివ్వండి.

ఎర సైజు కూడా ముఖ్యమే. 15 నుంచి 20 సెంటీమీటర్ల సార్డీన్, స్మెల్ట్, సగం మాకరెల్ చాలు. రాడ్ల పక్కనే కూర్చోవాలి. ఇండికేటర్ లేకుండా రాడ్ పెట్టి టీ కాచుకోవడానికి పోయేవాళ్ళే లోతుగా మింగించేది.

#4 నార్ఫోక్_నీళ్ళు

ఇక వరస. వల దగ్గర చేప ఉండగానే మ్యాట్ తడిపి పరిచి ఉండాలి, ఫోర్సెప్స్, కట్టర్ దాని పక్కన. గాలం కనిపిస్తూ పెదవి మీదే ఉంటే చేపని నీళ్ళలో, వలలోనే ఉంచి తీసేయండి, ఎత్తాల్సిన పనే లేదు.

ఎత్తాల్సి వస్తే వల కర్ర పట్టి లాగకండి, జాలీని అంచుల దగ్గర మడిచి రెండు చేతులతో ఎత్తండి. మ్యాట్ మీద పక్కకి గానీ వెల్లకిలా గానీ పడుకోబెట్టి, మోకాళ్ళ మీద కూర్చుని చేప మీ రెండు కాళ్ళ మధ్య ఉండేలా చూసుకోండి. బరువు దాని మీద పడకూడదు, కదలకుండా అడ్డం మాత్రమే. చేతులు తడిగా ఉండాలి. పొడి చేయి, పొడి టవలు దాని ఒంటి మీది జిగురుని ఊడ్చేస్తాయి. ఆ జిగురు పోయినచోట నాలుగు రోజుల్లో బూజు పడుతుంది.

ఇప్పుడు పట్టు. చేపని కిందనుంచి చూడండి: రెండు మొప్పల మూతలూ గడ్డం కింద కలుస్తాయి. ఎడమ చేతి వేళ్ళని ఒకదానికొకటి అంటించి, మూత వెనక అంచు కిందకి దూర్చి, మూత లోపలి గోడకే రాసుకుంటూ గడ్డం వైపు జరపండి. ఎర్రగా కనిపించే మొప్పలకి గానీ వాటి మీది ముళ్ళకి గానీ వేలు తగలకూడదు. ముందు ఎముక అడ్డం తగులుతుంది, అక్కడ ఆపి బొటనవేలు బయటనుంచి దవడ మీద వేసి బిగించండి. తల కొద్దిగా పైకెత్తితే నోరు దానంతట అదే తెరుచుకుంటుంది. ఒకసారి ఈ పట్టు కుదిరాక చేప గింజుకున్నా చేయి వదలొద్దు. సగం వదిలినప్పుడే వేళ్ళు తెగుతాయి.

స్ప్రింగ్‌తో నోరు తెరిచే గ్యాగ్‌లు పాత సామాన్లలో ఇంకా కనిపిస్తాయి. ముట్టుకోకండి, దవడ చీలుతుంది. కళ్ళ గుంటల్లో వేళ్ళు పెట్టి ఎత్తడం కూడా పాత ఫోటోల్లో ఉంటుంది, అది మరీ ఘోరం.

కుడి చేత్తో ఫోర్సెప్స్. దగ్గరున్న గాలంతో మొదలుపెట్టి, వంపు దగ్గర పట్టుకుని తలకిందులు చేయండి. లాగడం కాదు, తిప్పడం. గుచ్చుకున్న దారినే వెనక్కి వస్తుంది. ఒకటి వచ్చాక దాన్ని ఊగకుండా ట్రేస్‌తో పక్కకి పట్టుకుని రెండోదాని సంగతి చూడండి. లేకపోతే అది మీ చేతిలో గుచ్చుకుంటుంది, అవతలి కొస చేప నోట్లో ఉంటుంది. అప్పుడు చేప గింజుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

#5 కొత్త_గాలం

చాలా థాంక్స్ అండీ. గ్లవ్ వేసుకోవచ్చా? బార్బ్ (గాలం ఊడకుండా కొస దగ్గరుండే వెనక ముల్లు) ఉన్న ట్రెబుల్ కొనాలా, లేనిదా?

#6 బెండు_సీసం

గ్లవ్ మీద ఎప్పుడూ గొడవే. నా మాట: మొదటి సీజను ఎడమ చేతికి, అంటే గడ్డం పట్టే చేతికి, నున్నటి రబ్బరు పూత గ్లవ్ వేసుకో తమ్ముడూ, బాగా తడిపి. ధైర్యం వస్తే పని త్వరగా అవుతుంది, అది చేపకే మంచిది. ఉన్నిదీ తోలుదీ వద్దు, జిగురు మొత్తం వాటికే అంటుకుంటుంది. పట్టు అలవాటయ్యాక తీసెయ్. మూత గోడ ఎక్కడ, మొప్ప ఎక్కడ అని ఒట్టి వేలికి తెలిసినంత బాగా గ్లవ్‌లో తెలియదు.

ట్రెబుల్ అయితే సైజు 6 లేదా 8, పూర్తిగా బార్బ్ లేనివి. ఉన్నవి కొంటే ప్లయర్స్‌తో నొక్కెయ్.

#7 షానన్_గట్టు

పూర్తిగా బార్బ్ లేనివి నేను ఒప్పుకోను. ఎర జారిపోతుంది, దూరం విసిరితే సగం ఎర గాల్లోనే ఊడుతుంది. సెమీ-బార్బ్ ఉంది కదా: మూడు కొసల్లో ఎరకి గుచ్చే కొసకి మాత్రం బార్బ్, మిగతా రెండూ నున్నగా. చేపకి గుచ్చుకునేవి ఆ రెండే.

#8 బెండు_సీసం

చేప ఏ కొస మీద పడాలో నువ్వు నేను నిర్ణయిస్తామా? ఎర జారితే సన్నటి ఎలాస్టిక్ దారంతో రెండు చుట్లు కట్టు. అయినా నాణేనికి రెండో వైపు కూడా చెప్తాను: బార్బ్ లేని గాలం లైను వదులైతే ఊడి ఇంకోచోట మళ్ళీ గుచ్చుకుంటుంది. కాబట్టి చేపని ఆడించేటప్పుడు లైను బిగువుగా ఉంచాలి. కొన్ని చెరువుల్లో బార్బ్‌లెస్ తప్పనిసరి, బోర్డు చదవకుండా గాలం వేయొద్దు.

#9 కొర్రమట్ట

అన్నా, కరీంనగర్ నుంచి ఒక డౌటు. మా దిక్కు కొర్రమట్ట గంపల ఏసి తడిబట్ట కప్పితె అంగడి దాంక బతికే పోతది. పైక్ గూడ గసొంటి ఏట చేపనే గద. ఒక్క నిమిషం బైట ఉంటె ఏమైతదని గింత హడావుడి?

#10 సాస్కటూన్_మంచు

మంచి ప్రశ్న అడిగారు. రెండూ పొంచి ఉండి మీదపడే చేపలే గానీ ఊపిరి సంగతి పూర్తిగా వేరు. కొర్రమట్టకి తలలో మొప్పల పైన గాలి పీల్చే అర ఉంటుంది. అది అప్పుడప్పుడు పైకొచ్చి గాలి మింగాల్సిందే, వలలో చిక్కి పైకి రాలేకపోతే నీళ్ళలోనే చచ్చిపోతుంది. పైక్‌కి అలాంటి అర లేదు. దాని మొప్ప రేకలు నీళ్ళలో విచ్చుకుంటాయి, గాలిలోకి తీయగానే ఒకదానికొకటి అంటుకుపోతాయి. పైగా అది పరుగుపందెం ఆటగాడిలాంటి చేప: ఒక్కసారిగా బలం చూపిస్తుంది, కండల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, ఆ అప్పు తీర్చడానికి గంటలు పడుతుంది. సరిగ్గా ఆ ఆయాసంలో ఉన్నప్పుడే మనం దాన్ని బయటికి తీస్తున్నాం.

ఫోటోకి 20-30 సెకన్లు. చేపని ఎత్తగానే మీరూ ఊపిరి బిగబట్టండి. మీకు ఉక్కిరిబిక్కిరి అయ్యేసరికి దాన్ని దించేయాలి.

నీటి వేడి కూడా చూడాలి. నిండుగా కరిగి ఉన్నప్పుడు లీటరు నీటిలో ఆక్సిజన్ 10 డిగ్రీల దగ్గర 11.3 మిల్లీగ్రాములు, 20 డిగ్రీల దగ్గర 9.1, 25 దగ్గర 8.3. వేడెక్కేకొద్దీ చేపకి కావలసింది పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. అందుకే నీరు 20 దాటితే పైక్‌ని వదిలేసి పెర్చ్‌కో ఇంకోదానికో వెళ్ళడం మంచిది. జులైలో చక్కగా ఈదుకుంటూ పోయిన పైక్ మర్నాడు తేలడం కొత్తేమీ కాదు.

ఇక్కడ మంచు మీద పట్టేటప్పుడు దీనికి ఉల్టా సమస్య. మైనస్ 20లో తడి మొప్పలూ కళ్ళూ క్షణాల్లో గడ్డకడతాయి. చేపని మంచు మీద పెట్టి గాలం తీయడం తప్పు. రంధ్రం అంచునే, తల నీళ్ళలో ఉండగా పని కానివ్వాలి, లేదా వేడి చేసిన గుడిసెలో.

#11 కొర్రమట్ట

సమజైంది అన్నా. మా కొర్రమట్టకైతె వేరే సంగతి: ఎర్ర పిల్లల గుంపు మీద తల్లి తండ్రి కావలి ఉన్నప్పుడు గాలం ఏస్తె ఆ పిల్లల్ని వేరే చేపలు తినేస్తయి. గప్పుడు పట్టొద్దని మా కాడ పిలగాండ్లకు చెప్తుంటం.

#12 కొత్త_గాలం

అన్నీ చేసినా గాలం కనిపించనంత లోపలికి పోతే? అక్కడికక్కడే తీగ కోసేయమని కొందరంటారు.

#13 నార్ఫోక్_నీళ్ళు

వెంటనే కోసేయడం ఒంటి గాలంతో పట్టే ట్రౌట్‌కి సరే. పైక్ గొంతులో ట్రెబుల్ మిగిలితే, దానికి తోడు అర మీటరు తీగ వేలాడితే, మింగే దారి మూసుకుపోతుంది. కాబట్టి ముందు ప్రయత్నించాలి, పద్ధతిగా.

చేపని వెల్లకిలా పడుకోబెట్టి గడ్డం పట్టు. ట్రేస్‌ని వదులు తీరేంతవరకే మెల్లగా పైకి లాగి పట్టుకోండి, ఇంకొకరు సాయం ఉంటే వాళ్ళకివ్వండి. పొట్ట మొదలు కొద్దిగా పైకి వచ్చి తెల్లటి కండ, దానిలో గుచ్చుకున్న గాలం కనిపిస్తాయి. నోటి గుండా అందితే సరే. అందకపోతే మొప్ప గుండా: మూత ఎత్తి, మొప్ప వంపుల మధ్య సందులోంచి ఫోర్సెప్స్ మూసి ఉంచి లోపలికి పోనివ్వండి, ఎర్ర రేకలకి తాకకుండా. గాలం కాడ పట్టుకుని తలకిందులు చేయండి. కొసలు పైకి తిరగగానే ఊడుతుంది, కండ దానంతట అదే వెనక్కి జారిపోతుంది. ఊడాక ఫోర్సెప్స్‌ని వచ్చిన దారినే తీయాలి. తీగని మాత్రం మొప్ప గుండా లాగొద్దు, నోటివైపు నుంచే తీయండి.

కొస బయటికి పొడుచుకొచ్చి కనిపిస్తే తిప్పడం కూడా అనవసరం. కట్టర్‌తో ఆ కొస కోసేస్తే మిగతాది రాలిపోతుంది. 90 పెన్నీల ట్రెబుల్ కోసం చేపని పీకొద్దు.

రెండు నిమిషాల్లో కాకపోతే ఆపి, వలలో పెట్టి నీళ్ళలో ఉంచి, అది కుదుటపడ్డాక ఇంకొక్క ప్రయత్నం. అదీ కాకపోతే అప్పుడు కోయండి, గాలానికి ఎంత దగ్గరగా కట్టర్ పోతే అంత దగ్గర.

#14 షానన్_గట్టు

మొప్ప గుండా చేయడం మాత్రం మొదటిసారి ఒంటరిగా వద్దు. తెలిసినవాళ్ళు చేస్తుంటే పక్కన నిలబడి చూసి నేర్చుకునే పని ఇది. బ్రిటన్‌లో 1977 నుంచి పైక్ యాంగ్లర్స్ క్లబ్ ఉంది, వాళ్ళ ప్రాంతీయ శాఖల వాళ్ళతో ఒక పూట గట్టు మీద కూర్చుంటే పది వీడియోలు చూసినదానికన్నా ఎక్కువ వస్తుంది.

#15 కొత్త_గాలం

మొప్ప నుంచి రక్తం వస్తే కోక్ పోస్తే ఆగుతుందని ఒక వీడియోలో చూశా. నిజమేనా?

#16 సాస్కటూన్_మంచు

కాదు. కెనడాలో పైక్ మీదే పరీక్షించి చూశారు, కార్లటన్ యూనివర్సిటీ వాళ్ళ పని, 2020లో వచ్చింది. మౌంటెన్ డ్యూ, కోక్, గ్యాస్ ఎక్కించిన చెరువు నీళ్ళు, మూడూ పోసి చూశారు. రక్తం త్వరగా ఆగిందీ లేదు, తగ్గిందీ లేదు. సీసా మూత తీసే వ్యవధి గాలిలో అదనం, అంతే. రక్తం వస్తోందంటే గాలం తీసి వెంటనే నీళ్ళలోకి పంపడం ఒక్కటే వైద్యం.

#17 బెండు_సీసం

బరువు చూసే పిచ్చి మీద కూడా ఒక మాట. దవడకి లిప్ గ్రిప్ (దవడని పట్టే క్లిప్పు) తగిలించి త్రాసులా వేలాడదీసేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండుతుంది. పెద్ద పైక్ బరువంతా ఆ పల్చటి చర్మం మీద, వెన్ను మీద పడుతుంది. నీళ్ళలో ఆ శరీరం అడ్డంగా తేలేది, నిలువుగా వేలాడటానికి అది పుట్టలేదు. తడిపిన స్లింగ్‌లో (తూచే సంచీలో) పెట్టి తూచాలి, ఖాళీ తడి స్లింగ్‌తో కాటా ముందే సున్నా చేసుకోవాలి. ఫోటోకి ఒక చెయ్యి గడ్డం కింద, ఇంకోటి పొట్ట వెనక, తోకవైపు రెక్క దగ్గర. మ్యాట్ పైనే, మోకాళ్ళ మీద కూర్చునే. జారినా అడుగు ఎత్తులోంచే పడాలి.

అసలు తూచకుండానే లెక్క కట్టొచ్చు. పొడవుని అంగుళాల్లో ఘనం చేసి 3500తో భాగిస్తే పౌండ్లు వస్తాయి. 40 అంగుళాలదైతే 64,000ని 3500తో భాగిస్తే 18.3 పౌండ్లు, అంటే 8.3 కిలోలు. ఎండాకాలం సన్నబడ్డది కాస్త తక్కువ, ఫిబ్రవరిలో గుడ్లతో ఉన్నది ఎక్కువ తూగుతుంది. మన గర్వానికి ఆ లెక్క చాలు.

#18 షానన్_గట్టు

వదలడం గురించి ఎవరూ రాయలేదు. చేపని నీళ్ళలో వీపు పైకి ఉండేలా, పొట్ట కింద ఒక చెయ్యి, తోక మొదట్లో ఒక చెయ్యి వేసి పట్టుకోండి. పారే నీరైతే తల ప్రవాహానికి ఎదురుగా. ముందుకీ వెనక్కీ ఊపకండి. వెనక్కి లాగినప్పుడు నీరు మొప్పల్లో ఉల్టా పోతుంది. నోటి గుండా నీరు లోపలికి పోయి మూతల గుండా బయటికి రావాలి, అంతే. మూతలు లయగా ఆడుతుంటే ఊపిరి అందుతున్నట్టు. తోక తనంతట తాను కొట్టేదాకా ఆగండి, తోయొద్దు. వదిలాక అయిదు పది నిమిషాలు అక్కడే గమనించండి, పక్కకి ఒరిగితే మళ్ళీ పట్టుకోవాలి. ఒడ్డు బురదగా ఉంటే వలలో పెట్టి కాస్త లోతుకి తీసుకెళ్ళి అక్కడ వల కిందికి దించండి.

పడవలో లోతు నీళ్ళ మీద ట్రోలింగ్ (నడుస్తున్న పడవ వెనక ఎర లాగడం) చేసేవాళ్ళు ఇంకోటి గుర్తుంచుకోవాలి. పైక్ గాలితిత్తికి ఆహారనాళంతో దారి ఉంటుంది, పైకి వచ్చేటప్పుడు అది గాలి కక్కుతుంది, బుడగలు కనిపిస్తాయి. పెర్చ్‌కి ఆ సౌకర్యం లేదు. అయినా 10 మీటర్ల కింద నుంచి గబగబా చుట్టేస్తే కక్కే వ్యవధి ఉండదు, ఉబ్బిన పొట్టతో పైన తేలుతుంది. లోతు నుంచి నిదానంగా తీసుకురావాలి.

ఐర్లండ్ రూల్సు: 2006 బై-లా ప్రకారం 50 సెంటీమీటర్లు దాటిన పైక్‌ని చంపకూడదు, చిన్నవి కూడా రోజుకి ఒకటే, బతికిన చేపని ఎరగా వాడటం నిషేధం.

#19 బెండు_సీసం

ఇంగ్లండ్ సంగతి: నదుల్లో రోజుకి ఒక్క పైక్, అదీ 65 సెంటీమీటర్ల లోపుది మాత్రమే ఉంచుకోవచ్చు, అంతకన్నా పెద్దదాన్ని వదలాల్సిందే. మార్చి 15 నుంచి జూన్ 15 వరకు నదులు బంద్. 13 ఏళ్ళు నిండినవాళ్ళకి రాడ్ లైసెన్సు ఉండాలి, ఆ పైన ఆ నీళ్ళ యజమాని గానీ క్లబ్ గానీ ఇచ్చే అనుమతి వేరే.

#20 రైన్_ఒడ్డు

ఇక్కడి మనవాళ్ళు ఇదంతా చదివి జర్మనీలో అలాగే చేసేస్తారేమోనని రాస్తున్నా. ఇక్కడ జంతు సంరక్షణ చట్టం ప్రకారం తగిన కారణం లేకుండా వెన్నెముక ఉన్న జీవికి నొప్పి కలిగించడం తప్పు. వదిలేయడానికే పట్టడం ఆ కిందికే వస్తుందని సాధారణంగా అర్థం చెబుతారు. స్విట్జర్లాండ్‌లో 2009 నుంచి ఆ ఉద్దేశంతో పట్టడమే నిషేధం. కొలతకి తక్కువైనవీ మూసిన కాలంలో పడ్డవీ మాత్రం ఇక్కడా వదలాల్సిందే, కాబట్టి ఈ పట్టు, ఈ ఫోర్సెప్స్ పని ఇక్కడివాళ్ళకీ అవసరమే. ఫోటో తీసి వదిలి ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

#21 కొత్త_గాలం

ఇప్పటిదాకా నా లిస్టు: 12 అంగుళాల ఫోర్సెప్స్ రెండు, కట్టర్, 42 అంగుళాల రబ్బరు వల, కార్ప్ క్రేడిల్ ఉన్నదే, 30 పౌండ్ల ట్రేస్‌లు సైజు 6 బార్బ్‌లెస్‌తో, నున్నటి గ్లవ్ ఒకటి, స్లింగ్. ఇంకేమైనా?

#22 నార్ఫోక్_నీళ్ళు

ప్లాస్టర్లు, యాంటీసెప్టిక్. పళ్ళ గాట్లు చిన్నవే గానీ రక్తం బాగా కారుతుంది. నది నీళ్ళలో ఎలుకల మూత్రంతో వచ్చే లెప్టోస్పైరోసిస్ ఉంటుంది, గాటుని శుభ్రమైన నీటితో కడిగి మూసేయండి. టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు తీసుకున్నారో చూసుకోండి. ఇంటికెళ్ళాక వల, మ్యాట్, స్లింగ్ కడిగి పూర్తిగా ఆరబెట్టాలి, ఒక చెరువు రోగాన్ని ఇంకో చెరువుకి మోసేది ఆ తడే.

చీకట్లో కూడా ఉంటారంటే తలకి కట్టుకునే లైటు. పైక్ గొంతు లోపల మిట్టమధ్యాహ్నం కూడా చీకటే.

#23 బెండు_సీసం

కట్టర్ రెండోది కూడా కొను తమ్ముడూ. ఒకటి మ్యాట్ దగ్గర, ఒకటి జేబులో. గాలం నీ కుడి చేతిలోనే గుచ్చుకున్నప్పుడు ఎడమ చేతికి అందాలి, కాబట్టి ఎడమ జేబులో.